ఆ రాత్రి గురించి కాదు

మంగినపూడి, మంగినపూడి, మంగినపూడి అని కండక్టరు బస్సు రేకు మీద అరచేత్తో చరుస్తూ కేకలేస్తున్నాడు, బందరు బస్టాండంతా తువ్వాళ్ళూ అరటి దొప్పలూ నూనె సీసాలూ పట్టుకున్న జనమే, కార్తీక పౌర్ణమి సముద్ర స్నానానికి ఊళ్ళకి ఊళ్ళే కదిలొచ్చినట్టున్నాయి, గుడివాడ బస్సు దిగిన సుభాషిణి కూతురు ఇంద్రజ చెయ్యి పట్టుకుని ఆ జనం మధ్య నిలబడిపోయింది. వెనకనుంచి ఎవరో పెద్దావిడ భుజం తట్టి, "మంగినపూడికేనా అమ్మా, ఎక్కేదైతే ఎక్కు, దారిచ్చెయ్" అంది. అవుననీ కాదనీ అనక్కర్లేదు, పక్కకి తప్పుకుంటే సరిపోతుంది, తను వచ్చింది టౌనులో సభకి, స్నానానికి కాదు. కానీ నోరు "అవునండీ" అనేసింది. అనేశాక ఆ మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. నిన్నటినుంచీ, కాదు, పోయిన వారం ఫోను వచ్చినప్పటినుంచీ గుండెలో రాయిలా ఉన్నదేదో ఆ ఒక్క మాటతో కాస్త కదిలినట్టయింది.

"సుభాషిణి గారూ, ఇటండీ ఇటు" అంటూ సోడా బండి పక్కనుంచి చలపతిరావు చెయ్యి ఊపాడు. ఉప్పెన సంస్మరణ సంఘానికి ఆయన కార్యదర్శి, చొక్కా జేబుకి నల్ల రిబ్బను పెట్టుకున్నాడు. దగ్గరికొచ్చి ఇంద్రజని ఎగాదిగా చూశాడు. "తెల్ల గౌనే వేశారు, మంచి పని చేశారు. కారు బయట పెట్టానండీ. మీ పెదనాన్నగారు అప్పుడే హాల్లో కూర్చున్నారు."

"మేం సభకి రావట్లేదండీ" అంది సుభాషిణి.

"రావట్లేదంటే?"

"మంగినపూడి వెళ్తున్నాం. స్నానానికి. పెదనాన్నగారితో చెప్పండి."

చలపతిరావు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి మానేశాడు. "ఇవాళా అండీ? ఇవాళ ఏం రోజో మీకు తెలియంది కాదు గదా."

"పౌర్ణమి" అంది ఆమె, అని ఇంద్రజని ముందు ఎక్కించి తనూ ఎక్కేసింది.

బస్సు కదిలింది. ఇంద్రజకి కిటికీ పక్కన చోటు దొరికింది. మీటింగు కాదా అమ్మా అంది, కాదంది. తాతగారు కోప్పడరా అంది, కోప్పడతారంది. మరి అంటే, కోప్పడనీ అని తన గొంతు తనకే కొత్తగా వినిపించి పిల్ల గౌను మడతలు సరిచేస్తూ కూర్చుంది సుభాషిణి. తొమ్మిదేళ్ళు పిల్లకి. ఆ తొమ్మిదేళ్ళతోనే వచ్చి పడింది అసలు. తనూ భర్త శ్రీకృష్ణా గుడివాడలో నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి చలపతిరావు ఫోను చేసి, పాపని కూడా తీసుకురండమ్మా, అప్పుడు మీకూ ఇదే వయసు కదా, మీరు చెబుతుంటే పాపని పక్కన నిలబెడదాం, జనానికి కళ్ళకి కట్టినట్టుంటుంది, తెల్ల గౌను అయితే ఫోటోలో బాగా పడుతుంది అన్నాడు. అలాగేనండీ అంది. ఫోను పెట్టేసి వెళ్ళి కొత్త పిల్లలకి వేళ్ళు ఎక్కడ ఆనించాలో చూపిస్తుంటే, మిషన్ల టకటకల మధ్య ఆ అలాగే గొంతులో ముల్లులా నిలబడింది, అన్నం ముద్ద మింగినా దిగలేదు, మంచినీళ్ళు తాగినా దిగలేదు. ఇష్టం లేకపోతే మానెయ్యి, కానీ పెద్దాయనకి నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు అన్నాడు భర్త. ఆయన వల్ల కాదు, తన వల్లా కాలేదు, నిన్న సాయంత్రం ఆ గౌను ఇస్త్రీ చేస్తూ కుచ్చిళ్ళలో ఎక్కడా ముడత లేకుండా పెట్టె నొక్కి నొక్కి తోసింది, ఎవరి మీద కోపమో ఆ గుడ్డ మీద చూపించింది.

ఏటా ఇదే రోజు, ఉప్పెన వచ్చిన రోజు. ఎక్కడో ఒక హాలు, వేదిక, వెనక తెర మీద రంగు కాగితం అక్షరాలు, ముందు వరసలో ఆఫీసర్లు. ఆమెని లేపి మైకు ముందు నిలబెడితే ఆ రాత్రి గురించి చెబుతుంది. చెప్పి చెప్పి ఆ రాత్రి అరిగిపోయింది. ఏ మాట దగ్గర ఆడవాళ్ళు పమిట నోటికి అడ్డం పెట్టుకుంటారో తెలుసు, ఎక్కడ ఆగితే హాలంతా ఊపిరి బిగబడుతుందో తెలుసు, ఒకసారి చిన్నప్పుడు ఆ చోట ఆగకుండా ముందుకెళ్ళిపోతే తనని పెంచిన మధుసూదనరావు పెదనాన్నగారు కింద కుర్చీలోంచి పెదాలు కదిపి వదిలేసిన మాట అందించారు. నిజంగా జరిగిందేదో, మైకులో చెప్పగా చెప్పగా జరిగినట్టయిందేదో ఇప్పుడు ఆమెకే తెలియదు. ఇంద్రజకి కూడా ఆ రాత్రి నోటికి వచ్చు, ఎక్కాలు వచ్చినట్టు. అమ్మమ్మ ఎలా చచ్చిపోయిందో పొల్లుపోకుండా చెబుతుంది. అమ్మమ్మ ఎలా ఉండేదో దానికి తెలియదు. ఎలా తెలుస్తుంది, తను చెబితే గదా, తనని ఎవరైనా అడిగితే గదా. ఇప్పుడీ పిల్లని తీసుకెళ్ళి ఆ రాత్రిలో నిలబెట్టాలట, వీళ్ళు కాస్త బాగా ఏడవడానికి. మనసు ఆ రాత్రి గుమ్మం దాకా వెళ్ళింది, అలవాటు కొద్దీ లోపలికి అడుగు పెట్టబోయింది. వద్దు, ఇవాళ వద్దు అని ఆమె దాన్ని రెక్క పట్టుకుని బయటికి లాగింది. పక్క సీటావిడ సంచిలోంచి జంతికలు తీసి తలా ఒకటి ఇచ్చింది. ఇంద్రజ కరకర నమిలింది.

చిలకలపూడి వచ్చింది, రోల్డుగోల్డు నగల బోర్డులు, పాండురంగడి గుడికి పోయే జనం, బస్సు ఆగి ఆగి నడుస్తోంది. ఈ రోడ్డు మీద ఇదివరకు ఇంతవరకే వచ్చింది తను. కాదు, ఇంతవరకు కూడా రాలేదు, ఏడో క్లాసు ఎక్స్‌కర్షన్‌లో పిల్లలందర్నీ బీచికి తీసుకెళ్తూ ఈ ఒక్క పిల్లని ఉమాదేవి టీచరుతో డచ్చివాళ్ళ సమాధుల దగ్గర దింపేశారు. సుబ్బరత్నమ్మ పెద్దమ్మ ముందే చెప్పి పంపింది, మా పిల్లకి సముద్రం చూపించొద్దు, జడుసుకుంటుంది అని. ఎండలో ఆ సమాధుల మధ్య తిరిగింది. రాళ్ళు, రాళ్ళ నిండా అక్షరాలు, కత్తులూ కిరీటాలూ పువ్వులూ చెక్కారు. ఇవేంటి టీచర్ అంటే పేర్లు, పోయినవాళ్ళ పేర్లు అంది ఉమాదేవి టీచరు. ఎక్కడో దేశం కాని దేశం నుంచి బట్టలు కొనుక్కోవడానికి వచ్చి జ్వరం తగిలి పోయినవాళ్ళకి మూడొందల ఏళ్ళ తర్వాత కూడా రాతి మీద పేరుంది. దివిసీమ చివర, నాగాయలంక అవతల తమ పల్లెలో పోయినవాళ్ళకి లెక్క మాత్రం ఉంది, ఇన్ని వందలు అని, ఆ లెక్క కూడా ఏటా వేదిక మీద ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. సాయంత్రం తనని ఎక్కించుకోవడానికి బీచి నుంచి వచ్చిన బస్సు నిండా తడి పావడాలతో, గవ్వలతో, అరుపులతో ఆడపిల్లలే. పక్కన కూర్చున్న పిల్ల నిద్రపోయాక దాని జడ చివర మెల్లగా తీసి నాలుకకి ఆనించుకుంది. ఉప్పగా ఉంది. ఆ ఉప్పు గుడివాడ చేరేదాకా నోట్లో దాచుకుంది, ఇంటికెళ్ళాక కూడా చాలాసేపు మంచినీళ్ళు తాగలేదు.

ఈ ఊరూ ఒకప్పుడు మునిగిందట. ముత్తాతల కాలంలో సముద్రం వచ్చి బందరులో వేలమందిని పట్టుకుపోయిందని ఆ రోజే టీచరు చెప్పింది. అయితే మాత్రం ఊరు చచ్చిపోయిందా, కోర్టులు పెట్టుకుంది, కాలేజీలు పెట్టుకుంది, లడ్డూలు కట్టుకుని అమ్ముకుంది, సాయంత్రమైతే దోమల్ని తోలుకుంటూ అరుగు మీద కూర్చుంది. బందరుని మునిగిపోయిన ఊరని ఎవరైనా అంటున్నారా. తనని మాత్రం ఉప్పెన పిల్ల అన్నారు. ఇంటికి చుట్టాలొస్తే పెద్దమ్మ కాఫీ ఇప్పిస్తూ, ఉప్పెనలో దొరికింది అనేది, వాళ్ళు అయ్యో అని గడ్డం పట్టుకుని చూసేవాళ్ళు. మంచిదే పెద్దమ్మ. పునరావాస శిబిరం నుంచి పెదనాన్నగారు భుజాన వేసుకుని తెచ్చిన పిల్లని, ఒళ్ళంతా పుళ్ళతో ఉన్నదాన్ని, రోజూ వేపాకు నీళ్ళతో కడిగింది, పల్లెలో నాంచారి అయినదాన్ని సుభాషిణిని చేసింది, బళ్ళో వేసింది, పోయేరోజు కూడా దానికి అన్నం పెట్టారా అని అడిగి పోయింది. ఎవరు కాదన్నారు. కానీ దొరకడమేంటి. దొరకడానికి తనేమన్నా పోయిన చెంబా. తను వచ్చింది. చెట్టుని పట్టుకుని ఉంది, వదలకుండా ఉంది, దిగింది, నడిచింది, మనుషులు కనపడేదాకా నడిచింది. ఆ చిన్న కాళ్ళు చేసిన పని ఒక్కరూ చెప్పరు. దొరికిందట.

రోడ్డుకి రెండు పక్కలా ఇళ్ళు తగ్గిపోయి రొయ్యల చెరువులు వచ్చాయి, తర్వాత సరుగుడు తోటలు వచ్చాయి, కిటికీలోంచి గాలి ఒక్కసారిగా మారింది. తడి, ఉప్పు, వెనకాల ఎక్కడో ఎండుచేపల ఘాటు. పక్కావిడ ముక్కు మూసుకుంది. సుభాషిణి మూసుకోలేదు, ఇంకా పీల్చింది, కడుపులోకి పీల్చింది, వెంటనే ఆ వాసనలోంచి అమ్మ వచ్చేసింది, పిలవకుండానే. చచ్చిపోయిన అమ్మ కాదు. నెత్తిన గంప, చంకలో తను, నాగాయలంక సంతకి గట్టు మీద నడిచే అమ్మ, బేరం కుదరకపోతే గంప దించినట్టే దించి మళ్ళీ ఎత్తుకునే అమ్మ, ఎత్తుకున్నాక వాళ్ళే వెనక పిలుస్తారని తెలిసి నాలుగు అడుగులు కావాలని నెమ్మదిగా వేసే అమ్మ. నాన్న పడవ రావడం ఆలస్యమైతే ఒడ్డున కూర్చుని వేరే వాళ్ళతో పందెం కాసే అమ్మ. నవ్వితే చిగుళ్ళన్నీ కనపడేవి, ముందు పన్ను ఒకటి సగం విరిగింది. కాలువ కలిసేచోట నీళ్ళలో తనని వెల్లకిలా పడుకోబెట్టి నడుం కింద ఒక్క చెయ్యి ఆనించి, బిగుసుకోకే, వదిలెయ్, ఉప్పునీళ్ళు మోస్తాయి అనేది, అంటూ అంటూ ఆ చెయ్యి ఎప్పుడు తీసేసేదో తెలిసేది కాదు. విరిగిన పన్ను. ఆ పన్ను ఇన్నాళ్ళూ ఎక్కడుంది. ఏ వేదిక మీదా ఎందుకు చెప్పలేదు. చెబితే ఎవరూ ఏడవరు, అందుకని. "అమ్మా, ఎందుకు నవ్వుతున్నావు?" అంది ఇంద్రజ.

బీచి నిండా జనమే. లైట్‌హౌసు దాకా జనం, గుడారాలు, చెరుకుగడలు, బఠాణీలు, పోలీసుల విజిళ్ళు, తడి చీరలతో వణుకుతూ వస్తున్న ముసలమ్మలు. ఇసుక నల్లగా బురదలా కాళ్ళకి అంటుకుంటోంది. సరుగుడు చెట్టు కింద గోనె పరుచుకుని దొప్పల్లో దీపాలు అమ్ముతున్న ఒకావిడ, సంచీ పెట్టి వెళ్ళు, ఎవరూ తియ్యరు అంది. అందరూ పాపాయమ్మ అని పిలుస్తున్నారు ఆవిణ్ణి.

"ఏ ఊరమ్మా?"

"గుడివాడ" అని ఆగి, "పుట్టింది దివిసీమ" అంది సుభాషిణి.

పాపాయమ్మ వత్తి చేస్తూనే తలెత్తి చూసింది. "ఉప్పెనలో పోయారా ఎవరన్నా?"

"అందరూ."

"మాకూ ఇద్దరు పోయారు. మాది గిలకలదిండిలే" అంది పాపాయమ్మ, వత్తి నూనెలో ముంచుతూ. "చెప్పులు ఇక్కడే విప్పేసెయ్. పిల్లని నడుం దాటి పోనియ్యకు, ఇవాళ కాస్త లాగుతోంది." అంతే. గడ్డం పట్టుకోలేదు, అయ్యో అనలేదు, ఇంకెవరికో దీపాలు అందించింది. సుభాషిణికి ఆ అనకపోవడం ఒంటికి చల్లగాలి తగిలినట్టనిపించింది. చెప్పులు విప్పి సంచీ పక్కన పెట్టింది.

ఇంద్రజ నీళ్ళ అంచున ఆగిపోయింది. అల వచ్చి వేళ్ళ దాకా తడిపి పోతే రెండడుగులు వెనక్కి వేసింది. "ఇది మనవాళ్ళని తిన్న సముద్రమేనా అమ్మా?" అదే, ఇంకోటి లేదు అంది సుభాషిణి. మరి అందరూ ఎందుకు దణ్ణం పెడుతున్నారు అంది. ఎవరిష్టం వాళ్ళది, మనం పెట్టక్కర్లేదు అంది. పెట్టదు తను. దణ్ణం పెట్టడానికి రాలేదు, శాపనార్థాలు పెట్టడానికీ రాలేదు, ఎందుకొచ్చిందో ఇదీ అని చెప్పలేదు గానీ పాదాల కింద ఇసుక జారిపోతుంటే కాళ్ళకి అంతా గుర్తున్నట్టుంది, వేళ్ళు వాటంతటవే ముడుచుకుని పట్టు దొరకబుచ్చుకున్నాయి. ఇంత దగ్గర, బస్సెక్కితే గంట, ఇన్నేళ్ళూ ఎవరిదో అనుమతి కావాలన్నట్టు ఉండిపోయింది. పులి కాదు, దేవుడు కాదు. నీళ్ళు. నీరుకావి రంగు నీళ్ళు, పైన నురగ, అందులో పడి కేకలేసే కాలేజీ కుర్రాళ్ళు, ముక్కు పట్టుకుని మూడు మునకలు వేసే అత్తాకోడళ్ళు. ఇవే నీళ్ళు అమ్మకి వంటిల్లు, వాకిలి, సంత, పొలం. ఇంద్రజ చెయ్యి పట్టుకుని మోకాళ్ళ దాకా దిగింది. తెల్ల గౌను అంచు నల్లబడింది, పిల్ల భయంగా తల్లి మొహం చూసి, తల్లి ఏమీ అనకపోయేసరికి, ఇంకాస్త తడుపుకుంది.

"సుభాషిణీ."

తిరిగి చూస్తే మధుసూదనరావు గారు. చెప్పులు ఒక చేత్తో, పంచె అంచు ఇంకో చేత్తో పట్టుకుని తడి ఇసుకలో జాగ్రత్తగా అడుగులేస్తూ వస్తున్నారు, డెబ్భై దాటిన మనిషి, వెనకాల పొడి ఇసుక దగ్గరే చలపతిరావు ఆగిపోయాడు. ఆయన్ని చూడగానే భుజం గుర్తొచ్చింది, శిబిరం నుంచి జీపు దాకా ఆయన భుజం మీద, కొత్త ఖద్దరు వాసన. ఒక్క క్షణం కాళ్ళు ఒడ్డుకేసి తిరగబోయాయి. తిరగనివ్వలేదు.

"ఏంటమ్మా ఇది?"

"స్నానం, పెదనాన్నగారూ."

"కలెక్టరాఫీసు వాళ్ళు వచ్చి కూర్చున్నారు. నువ్వు లేకుండా సభ ఏంటి? పోనీ, ఒంట్లో బాగాలేదని చెప్పమంటావా?"

"ఒంట్లో బాగానే ఉందండీ. రానందని చెప్పండి."

ఆయన మొహం ఎర్రబడింది, మళ్ళీ తగ్గింది. "నా కోసమా తల్లీ ఇదంతా? పోయినవాళ్ళ కోసం. మీ అమ్మ కోసం. ఏడాదికి ఒక్క రోజు."

"మా అమ్మ చచ్చిపోవడానికి ఒక్క రాత్రి పట్టింది పెదనాన్నగారూ. అంతకుముందు ముప్పై ఏళ్ళు బతికింది. ఆ రాత్రి గురించి ప్రతి ఏడూ అడిగారు. ఆ ముప్పై ఏళ్ళ గురించి ఒక్కళ్ళూ అడగలేదు. మీరూ అడగలేదు."

"నువ్వు బాధపడతావని."

"బాధపడేదే అడిగారు గదండీ." గొంతు పెరిగిందని తెలుస్తోంది, పక్కన మునకలేస్తున్న ఆడవాళ్ళు చూస్తున్నారని తెలుస్తోంది, తగ్గించలేదు. "నన్ను పెంచారు, చదివించారు, మీ రుణం ఉంది, కాదనను. నిలబడమన్నప్పుడల్లా నిలబడ్డాను. నా పిల్లని మాత్రం ఆ రాత్రిలో నిలబెట్టను. అది నీళ్ళలో ఆడుకుంటుంది."

అల ఒకటి వచ్చి ఆయన పాదాలు తడిపి పోయింది. ఆయన కిందికి చూసుకున్నారు, పంచె అంచు ఎత్తడం మర్చిపోయారు. తర్వాత, ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు, మెల్లగా, "మీ అమ్మ పేరేంటమ్మా?" అన్నారు.

నోటి దాకా వచ్చేసింది పేరు. ఇన్నేళ్ళకి అడిగారు, అడిగింది ఈయన, చెప్పేస్తే ఏం పోతుంది. అప్పుడే చెవుల్లో ఆ పేరు మైకులోంచి వినపడింది, ముందు కీర్తిశేషులు తగిలించుకుని, హాలు గోడలకి కొట్టుకుని తిరిగొస్తూ, ముందు వరస వాళ్ళు తలలు వంచుకుని. విరిగిన పన్నుతో నవ్వే మనిషి ఆ హాల్లో ఒక్క నిమిషం కూర్చోదు, గంప ఎత్తుకుని వెళ్ళిపోతుంది.

"సభ అయిపోయాక మా ఇంటికి రండి" అంది. "రేపో ఎల్లుండో. అన్నం తిని, కూర్చుని అడగండి. పేరొక్కటే కాదు, అన్నీ చెబుతాను. ఇవాళ మాత్రం చెప్పను."

ఆయన ఆమె వైపు చూశారు, తర్వాత ఇంద్రజ వైపు చూశారు. "పాపని ఎక్కువసేపు తడవనివ్వకు, జలుబు చేస్తుంది" అన్నారు. వెనక్కి తిరిగి, వచ్చినంత నెమ్మదిగానే నడిచి వెళ్ళారు. చలపతిరావు ఎదురొచ్చి ఏదో అడిగాడు, ఆయన తల అడ్డంగా ఊపారు.

సుభాషిణి అటే చూస్తూ ఉండిపోయింది, ఆయన వస్తారో రారో, వస్తే బాగుండును, రాకపోయినా చెప్పడానికి పిల్ల ఉంది, ఇవాళ రాత్రికే మొదలుపెట్టొచ్చు, పన్ను దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, అనుకుంటూ సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. పెట్టకూడని చోట పెట్టింది. వెనకనుంచి వచ్చిన అల నడుం మీద తన్ని మనిషిని బోర్లా పడేసింది, నోట్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, చీర తలకి చుట్టుకుంది, చేతికింద ఇసుక లేదు, ఉంది, మోకాళ్ళ మీద లేచి, జుట్టు మొహం మీదనుంచి తోసుకుని, దగ్గుతూ, "నీ జిమ్మడ, కళ్ళు కనపడవే నీకు, మనుషులున్నారని తెలవదే, తగలడిపోనూ" అని సముద్రం మొహాన అరిచింది. అది తన గొంతు కాదు. గుడివాడలో ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. వల ఖాళీగా వచ్చిన రోజున నడుం మీద చేతులు పెట్టుకుని ఒడ్డున నిలబడి అమ్మ తిట్టే తిట్టు అది, ఆ దీర్ఘంతో సహా.

నాలుగడుగులు ఒడ్డు వైపున్న ఇంద్రజ నోరు తెరుచుకుని చూస్తోంది. "అమ్మా, ఏమన్నావు ఇప్పుడు?"

"మీ అమ్మమ్మ మాట."

"చెడ్డ మాటా?"

"చెడ్డదే" అంది సుభాషిణి, చీర పిండుకుంటూ. "గట్టిగా అనాలి. అల వచ్చేముందు కాదు, వచ్చి పోయాక. ఊఁ, అను చూద్దాం."

పిల్ల అల వచ్చేదాకా ఆగింది. వచ్చి, నడుం దాకా తడిపి, కాళ్ళ కింద ఇసుక లాక్కుని వెనక్కి పోతుంటే, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, చుట్టుపక్కల స్నానాలు చేస్తున్నవాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా దాన్ని తిట్టింది.